వంటయింటి గుమ్మమున నాగిన మాట

వర్షాకాలమేఘమాలికలు మరలిపోఁగా నాకసము కడిగి యారవేసిన నీలిపట్టువలె నిర్మలమై చెలువొందుచుండెను. వఱద యుడిగిన గోదావరి తన యెఱ్ఱనీటిని సముద్రున కప్పగించి తేటపడి లంకల నడుమ మెల్లమెల్లగా నడచుచుండెను. తీరసైకతములయందు విరిసిన ఱెల్లుపూవులు ప్రాభాతికమందమారుతమునకు నొరిగి యొరిగి చామరములు వీచుచుండ నాశ్వయుజమాసమున మహర్నవమినాఁటి యుదయమున లంకరైతులు తమ తోఁటలలోఁ గోసిన కూరగాయలను పడవల నింపుకొని వచ్చి రాజమహేంద్రవరపు రేవున సంత తీర్చుచుండిరి.

ఆ సంతకు వచ్చినవారిలో ప్లీడరు నరసింహముగారి యిల్లాలు చూడామణమ్మయు నామె చెల్లెలు హైమవతియు నుండిరి. చూడామణమ్మ యాతిథ్యమునకుఁ బెట్టినది పేరు. దసరా వచ్చెనేని బంధుమిత్రపరివారముతో నామె యింట పంక్తులమీఁద పంక్తులు లేచుచుండెడివి. ఆమె మాత్రము స్వేదబిందుసిక్తఫాలయై ధూమకషాయితలోచనయై వేకువనుండి ప్రొద్దు గ్రుంకువఱకు పొయ్యికడనే నిలిచి వచ్చినవారి విస్తళ్లను జూచుటయే గాని వారి మొగములను జూచుట యెఱుఁగకుండెడిది. అదియే తన ధర్మమనియు నదియే తన కీర్తియనియు నామె నమ్మకము.

ఆ యేఁట శ్రావణమాసమున విషజ్వరము తగిలి యామె చిక్కి శల్యమయ్యెను. పొయ్యియెదుట నిలువఁగూడదని వైద్యుఁడు శాసించెను. "ఈయేడు ఎవ్వరినీ పిలవవద్దు. హైమ ఎలాగూ వస్తుంది. సంతలో ఏది తాజాగా ఉంటే అది వండుకు తిందాం" అని భర్త పలికినప్పు డామె కది తన యింటి పరువును దింపుటగాఁ దోఁచి రెండుదినములు ముఖము ముడుచుకొనియే యుండెను.

తీరా సంతకు వచ్చినపిదప నామె మనసు తేలికపడెను. మంచు తడి యాఱని లేఁతచిక్కుడుకాయలు గోనెపట్టపైఁ బోసికొని కూర్చున్న లంకరైతుభార్య యొకతె యామె నెఱిఁగినదై పలుకరించెను.

"ఇంతేనా అమ్మగారూ? ఏటా బుట్టలకి బుట్టలు ఎత్తించేవారు."

"ఈయేడు మా చెల్లెలే చుట్టం. మేమే వండుకుని మేమే తింటాం."

"మంచిదేనమ్మా. తిన్నది ఒంటబడుతుంది" అని యామె దోసిలికొలఁదిఁ గాయలు కొసరుగాఁ బోసెను.

అక్కచెల్లెండ్రు చిక్కుడుకాయలును బీరకాయలును గొని యింటికి వచ్చి వీధియరుగుపైఁ గూర్చుండి యీనెలు తీయ నారంభించిరి. తల్లి గతించిననాఁటనుండి హైమవతిని బెంచినది చూడామణమ్మయే. బాల్యముననే వైధవ్యము పొందిన యా చెల్లెలికిఁ జదువు చెప్పించి కాకినాడలోని యొక బాలికాపాఠశాలయం దుపాధ్యాయినిగా నిలిపినదియు నామెయే. అయినను పండుగదినమున నిట్లు చెల్లెలి ప్రక్కఁ గూర్చుండుట యామెకుఁ గ్రొత్త. ఎండపొడ సోఁకిన హైమవతి చెంపలకడ నెఱసిన వెండ్రుకల నామె యప్పుడే మొదటిసారిగాఁ జూచెను. చూచినంతనే యేదియో జ్ఞప్తికి వచ్చెను.

"ముందటేడు దసరాకి నువ్వు వంటింటి గుమ్మంలోకి వచ్చి నాతో ఒక మాట చెప్పాలన్నావు. ఏమిటే అది?"

హైమవతి చిఱునవ్వు నవ్వెను. "ఇప్పుడెందుకులే అక్కయ్యా. దానికి వేళ దాటిపోయింది."

"దాటితే దాటింది. చెప్పు."

హైమవతి చేతిలోని కాయను వలిచి పిమ్మట నెవరి వృత్తాంతమునో చెప్పునట్లు నెమ్మదిగాఁ జెప్పెను. "మా బళ్ళో లెక్కలు చెప్పే సర్వోత్తమరావుగారు నన్ను పెళ్ళి చేసుకుంటానన్నారు. భార్య పోయిన మనిషి. మంచివారు. నాకూ ఇష్టమే. మా అక్కయ్యను అడగనిదే మాట ఇవ్వలేనన్నాను. దసరాకి వెళ్ళి అడిగి వస్తానన్నాను."

చూడామణమ్మ చేతిలోని కాయ చేతిలోనే నిలిచిపోయెను. "మరి అడగలేదేమే?"

"నువ్వు గారెల మూకుడు ముందున్నావు. ఉండవే తల్లీ మాడిపోతాయి, పండగ వెళ్ళనీ తీరిగ్గా చెప్పుకుందాం అన్నావు. తరవాత వడ్డనలు. ఆ తరవాత పేరంటం. చివరికి నడుం వాల్చి అలాగే నిద్రపోయావు, లేపబుద్ధి కాలేదు. మర్నాడు తెల్లవారకుండానే నాకు కాలవపడవ. బావగారు చూసే ఉత్తరంలో రాసే మాట కాదుగా అది."

"ఆయనతో ఏం చెప్పావు?"

"అడగలేకపోయానన్నాను. నాకే ఇష్టం లేక అంటున్నాననుకున్నారు. ఆ వేసవిలోనే బరంపురం వెళ్ళిపోయారు. అక్కడ పెళ్ళి చేసుకున్నారట. సుఖంగా ఉన్నారని విన్నాను."

"నేను కాదంటానని భయపడ్డావా?"

"కాదన్నా బాగుండేది అక్కయ్యా. కాదంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. సరేనంటే వెళ్ళేదాన్ని. ఏదీ కాకుండా అయింది."

ఆ పలుకులలో నిష్ఠురము లేదు. అది యున్నచోఁ జూడామణమ్మకుఁ గొంత యూఱట కలిగియుండును. నే నొప్పుకొనియే యుందును గదే యని యామె నాలుక చివరవఱకు వచ్చెను గాని యామె సత్యమునకు వెఱచి యా మాటను మ్రింగివైచెను. ఆనాఁడు చెల్లెలి నక్కునఁ జేర్చుకొని యుండునో లోకాపవాదభీతిచే వారించి యుండునో యామెకే తెలియదు. తెలిసికొను నుపాయ మిఁక లేదు. గారెలు మాడలేదని మాత్రము తెలియును. ఆ యేఁడు పంక్తిలోఁ గూర్చున్నవారెల్లరు వానిని మెచ్చుకొనిరి.

మధ్యాహ్నము ముద్దపప్పును జిక్కుడుకాయకూరయు బీరకాయపచ్చడియు గడ్డపెరుఁగును దప్ప విస్తళ్లలో వేఱేమియు లేదు. చూడామణమ్మ తన గృహిణీజీవితమున మొట్టమొదటిసారి పండుగనాఁడు చుట్టము సరసను గూర్చుండి భుజించెను. "ఎంత రుచిగా ఉందో అక్కయ్యా" అని హైమవతి మాఱు వడ్డించుకొనెను. నిజముగనే రుచిగా నుండెను. చూడామణమ్మ పెరుఁగుగిన్నెను జెల్లెలి విస్తరికడకు జరిపెను.

సాయంకాలమున పొరుగిండ్లనుండి పేరంటపుఁ బిలుపులు వచ్చెను. రాలేనని చెప్పిపంపి యామె చెల్లెలికడనే కూర్చుండెను. హైమవతి పాఠశాలలోని పిల్లలనుగూర్చియు కాకినాడ వానలనుగూర్చియు నేవేవో ముచ్చటించుచుండెను. చూడామణమ్మ యొక్క యక్షరమును జాఱవిడువక యాలకించుచు ప్రతివాక్యము చివరను మఱియొకటి యేదేని వెలువడునేమోయని యెదురుచూచుచుండెను. ఏదియు వెలువడలేదు. చెప్పవలసినది లేనివారు చెప్పుకొను మాటలే వెలువడెను.

అతిథి యాఁకలి కొంత యాలసించి తీర్చినను దీఱును. వచ్చిన మాటను వేళకు వినకున్నచో నది మరల మాటయై రాదు. కథయై వచ్చును. కథను వినవచ్చును గాని దానికి బదులు చెప్పరాదు.