ఎడమ ఇంజిన్ మీద జానెడు మరక

రంగు పాలలా ఉండాలన్నాడు బొమ్మల కొట్టాయన. చిక్కగా ఉంటే, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ మూతి దగ్గరే ఎండిపోయి తుంపర్లు ఉమ్ముతుంది. మరీ పల్చనైతే సాలీడు కాళ్లలా నాలుగు వైపులా పాకుతుంది. అందరూ తళతళ అని పిలిచే అతను చిన్న గిన్నెలో గోధుమరంగు నాలుగు చుక్కలు, థిన్నరు ఆరు చుక్కలు వేసి, పుల్లతో కలిపి, గిన్నె వంచి చూశాడు. పాలలాగే జారింది. మీట నొక్కి పాత పేపరు మీద ఒక గీత కొట్టాడు. గీత చివర సాలీడు ప్రత్యక్షమైంది.

"నీ దుంపతెగ! మళ్లీ వచ్చావా?" అని దాన్ని పలకరించి, గాలి తగ్గించి, ఇంకో గీత కొట్టాడు.

విమానాలు కడిగేవాళ్ల షెడ్డు అది. గోడ పొడుగునా సబ్బునీళ్ల డ్రమ్ములు, వాటి మీద ఆరేసిన గుడ్డలు, మూలన టైర్లకు గాలి పట్టే కంప్రెసరు. దాని గొట్టానికే ఎయిర్‌బ్రష్ తగిలించుకున్నాడు. బల్ల మీద మూరెడు పొడుగున తెల్లటి బొమ్మ విమానం ఉంది. రెండు ప్రొపెల్లర్ల విమానం. రోజూ పదింటికి వచ్చి, రెండింటికి వెళ్లిపోయే అసలు విమానానికి అచ్చుగుద్దిన నకలు.

తళతళ అసలు పేరు హాజరు పట్టికలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇరవై రెండేళ్లుగా అతను కడిగిన విమానంలో మొహం చూసుకోవచ్చని అందరూ అంటారు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. పైకి విసుక్కుంటాడు గానీ, లోపల ఆ పేరు విని మురిసిపోతాడు.

ఆ విమానం ముసలిదైపోయిందనీ, త్వరలో తీసేస్తారనీ వినగానే బొమ్మ కొన్నాడు. విడి భాగాలు అతికించి, తెల్లరంగు వేసి, కొట్టాయనకు చూపించాడు. ఆయన అటూ ఇటూ తిప్పి, "కొత్త పెళ్లికొడుకులా ఉందండీ. ఎగిరిన విమానంలా లేదు. కాస్త మసీ, నూనె మరకలూ పడాలి" అన్నాడు. బతుకంతా మరకలు పోగొట్టినవాడు ఇప్పుడు మరకలు పెట్టడం నేర్చుకోవాలా అని తళతళకు నవ్వొచ్చింది. అయినా మర్నాటికే మసి పూశాడు. ఆ సాయంత్రమే భార్య తడిగుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిచి అలమారలో పెట్టింది.

"మీరేగా, మురికి కంటబడితే తుడిచెయ్యమంటారు?" అంది. అప్పట్నుంచి బొమ్మ షెడ్డులోనే ఉంటోంది.

నిన్న సాయంత్రం కొట్టాయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఇంజిన్ పక్కన పొగ మరక ఉంటుంది కదా, అది ఎటు వాలుతుంది? పైకా, కిందికా? రెండు ఇంజిన్లకీ ఒకేలా ఉంటుందా?"

విమానాన్ని ఏనాడూ దగ్గరగా చూడనివాడు అడిగాడు. ఇరవై రెండేళ్లుగా దాన్ని తుడుస్తున్నవాడు తెల్లమొహం వేశాడు. తుడిచాడే గానీ చూడలేదు. ఆ సంగతి రాత్రంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఈ రోజే విమానానికి ఆఖరి రోజు. రెండు దాటితే ఇక ఆ మరక కళ్లబడదు.

పదింటికి విమానం వచ్చి ఆగింది. ముందు బాగా చూడాలి, తర్వాతే తుడవాలి అనుకుంటూనే బకెట్టు పట్టుకుని వెళ్లాడు. మూడు మెట్ల బల్ల ఎడమ ఇంజిన్ కింద వేశాడు. ఎక్కాడు. గుడ్డ ముంచాడు, పిండాడు, చెయ్యి చాచి ఇటు నుంచి అటు ఒక్క ఊపు ఊపాడు. తర్వాత ఇంకొకటి. రోజూ చేసే పనే కదా, చేతికి మనసుతో పనేముంది? గుడ్డను బకెట్టులో జాడిస్తుంటే నల్లటి నీళ్లు కనిపించాయి. అప్పుడు గుర్తొచ్చింది.

"అయ్యో! తుడిచేశాను" అన్నాడు పైకే.

నిచ్చెన మీద నిలబడి ఇంజిన్ మూత బిగిస్తున్న మెకానిక్ తొంగిచూశాడు. "తుడవక ముద్దు పెట్టుకుంటావా?"

కుడివైపు పరిగెత్తాడు. అక్కడ మరక ఉంది. తోక వైపు సాగుతూ పైకి వాలింది. దాన్ని కాగితం మీద గీసుకుని, మెకానిక్ దగ్గరికి వచ్చి తన గోడు చెప్పుకున్నాడు.

"రెండు ప్రొపెల్లర్లూ ఒకే వైపు తిరుగుతాయి. గాలీ అలాగే మెలితిరుగుతుంది. పొగగొట్టాలు చెరో బయటి పక్కనున్నాయి గనక, లెక్క ప్రకారం కుడిదాని మీద పైకి వాలితే ఎడమదాని మీద కిందికి వాలాలి" అన్నాడు మెకానిక్.

"వాలాలి అంటే కుదరదు. వాలిందా?"

"నేను ఇంజిన్ లోపల చూసేవాణ్ణి. బయట మసి నీ ఇలాకా." మెకానిక్ కాసేపు నట్టు తిప్పి, మెల్లగా అన్నాడు. "అయినా పైన జానెడు ఉందిగా."

"ఏం ఉంది?"

"మరక. నీ చెయ్యి అందనంత మేరా. ఎప్పుడూ ఉంటుంది."

"ఎప్పట్నుంచి?"

"నేను చేరినప్పట్నుంచీ చూస్తున్నా."

"మరి చెప్పలేదేం?"

"అందరం నిన్ను తళతళా అని పిలుస్తున్నాం. ఇక ఏం చెప్తాం?" అంటూ మెకానిక్ దిగి, నిచ్చెన అతనికి వదిలేశాడు.

తళతళ చెవులు వేడెక్కాయి. సిగ్గేసింది. ఎక్కడం మానేద్దామా అనిపించింది కూడా. కానీ చూడాలన్న ఆత్రం సిగ్గును పక్కకు నెట్టింది.

పైన నిజంగానే జానెడు మరక ఉంది. ఏళ్ల తరబడి పొర మీద పొర పేరుకుని, నడుమ నల్లగా, అంచుల్లో తేనెరంగుగా ఉంది. దాని చారలన్నీ కిందికే వాలి ఉన్నాయి. కింది అంచు మాత్రం చెక్కినట్టు గుండ్రంగా తెగిపోయింది. గాలి అలా తెంచదే అనుకున్నాడు. ఉత్తి చెయ్యి చాచి గాల్లో ఇటు నుంచి అటు ఊపాడు. ఆ ఊపూ ఆ అంచూ ఒకటే. ఇన్నేళ్లూ ఈ విమానం అతని చేతి పొడుగును మోస్తూ తిరిగింది. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు చెమర్చాయి.

భోజనం వేళ అన్నం డబ్బా తెరవలేదు. కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, బొమ్మ ఎడమ ఇంజిన్ మీద అడ్డుపెట్టాడు. కొట్టాయన పాఠం పైకే వల్లించుకున్నాడు. "ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి." దూరం నుంచి పల్చగా ఒకసారి కొట్టాడు. ఆరనిచ్చాడు. ఇంకోసారి. నడుమ కాస్త నలుపు. సాలీడు రాలేదు. ఊపిరి బిగబట్టి కాగితం ఎత్తాడు. జానెడు మరక అక్కడ గోరంత అయి కూర్చుంది.

ఒంటిగంటన్నరకు సూపర్‌వైజరు వచ్చాడు. "ఆఖరి ఫొటో తీస్తారట. ఎక్కడా ఒక్క మచ్చ ఉండకూడదు. నువ్వున్నావుగా, నాకు బెంగలేదులే."

తళతళ కొత్త గుడ్డ తీసుకుని మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఇప్పుడు మరక అతని మొహానికి ఎదురుగా ఉంది. ఒక్క ఊపు చాలు, పేరుకు తగ్గ పని పూర్తవుతుంది. గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నిచ్చెన పై మెట్టు మీద గుడ్డ పెట్టి, దిగాడు.

"అయిందా?" అని కింద నుంచి సూపర్‌వైజరు అడిగాడు.

"అయిందండి."

ఇరవై రెండేళ్లలో అతను ఆ మాట అబద్ధంగా అనడం అదే మొదలు. మెకానిక్ విన్నాడు. విని, నేల మీద స్క్రూడ్రైవరు వెతుక్కోసాగాడు.

నిచ్చెనను, విమానం ఆగే చోటుకు హద్దుగా గీసిన తెల్లగీత అవతలికి తోసేశారు. రెండింటికి విమానం కదిలి, మలుపు దగ్గర ఎడమ పక్క చూపించి, పరుగు తీసి లేచిపోయింది. తళతళ చెయ్యి ఊపలేదు. మబ్బు చాటుకు పోయేదాకా చూశాడు, తర్వాత బొమ్మకు అట్టపెట్టె వెతుక్కుంటూ షెడ్డులోకి వెళ్లాడు. పెట్టె మీద "తుడవొద్దు" అని పెద్దక్షరాలతో రాసి, భార్య కోసం కింద మరోసారి రాశాడు.

బయట, తెల్లగీత అవతల, నిచ్చెన పై మెట్టు మీద ఆ గుడ్డ మడత కూడా విప్పకుండా పొడిగా ఉంది.