క్యూ చివరి మనిషి

మాది దోసకాయల్ని వెనిగర్‌లో ఊరబెట్టి సీసాలకెత్తే ఫ్యాక్టరీ. అక్టోబరులో ఒక మధ్యాహ్నం మేనేజరు కెస్లర్ భోజనాల గదిలో కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"పోలింగ్ కేంద్రాల్లో పనిచేసే ముసలివాళ్ళు అలిసిపోయి ఒక్కొక్కరే మానేస్తున్నారు. జిల్లావాళ్ళు మనుషుల్ని పంపమంటున్నారు. వెళ్ళినవాళ్ళకి ఆ రోజు జీతం మన కంపెనీయే ఇస్తుంది. పైగా ఎర్ర చొక్కా కూడా."

"ముసలివాళ్ళు అలిసిపోయారని మన వెర్నాని పంపుతారా సార్?" అన్నాడు మూతల దగ్గర పనిచేసే డ్వైట్. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు డెబ్బై దాటాయి. స్టవ్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చే మనిషిని. ప్రమాణం చేసి చేసే పని నావల్ల ఎక్కడవుతుంది?

పక్కనున్న పిలార్ నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"నువ్వక్కడ కూర్చుంటే నాకు భయముండదు దోన్యా వెర్నా," అంది. తమ కంటే పెద్ద ఆడవాళ్ళను హోండురస్‌లో అలా పిలుస్తారట. లేబుళ్ళ దగ్గర మేమిద్దరం చాలా ఏళ్ళుగా పక్కపక్కన నిలబడుతున్నాం. ఆ వేసవిలోనే ఆమెకు పౌరసత్వం వచ్చింది. ఇంతవరకూ ఏ దేశంలోనూ ఓటు వెయ్యలేదు. ఎన్నికలైన తర్వాతి శనివారం ఫ్యాక్టరీ మానేసి, నెబ్రాస్కాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ శనివారం గురించి నేను ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను. మనుషుల్ని సాగనంపడం నాకు చేతకాదు. నా భర్తను ఆపరేషన్ గది తలుపు దగ్గర వదిలినప్పుడు కూడా, స్వెటర్ వేసుకోమని చెప్పడం తప్ప ఇంకేమీ తోచలేదు.

"కోర్టు భవనంలో నెల ముందునుంచే ఓటు వేయనిస్తున్నారు. ఇవాళే వెళ్ళిరా పిలార్, ఒక పనైపోతుంది," అని పోరాను.

"అక్కడ నువ్వుండవుగా. నీ చేతి మీదుగానే కాగితం తీసుకుంటా. పౌరసత్వ ప్రమాణం రోజు వేసుకున్న నీలం గౌను ఇస్త్రీ చేసి పెట్టా."

"గౌను చూసి ఓటెయ్యనిస్తారా ఏమిటి?"

"వెనిగర్ కంపుతో వస్తే నువ్వే ముక్కు మూసుకుంటావు."

ఎన్నికల రోజు మా పోలింగ్ కేంద్రం ఫైర్ స్టేషన్. బళ్ళను బయట ఆవరణలో నిలిపి, లోపల బల్లలు వేశారు. మా ప్రిసైడింగ్ ఆఫీసరు లైల్ గ్రాబర్, మొక్కజొన్న రైతు. నాకు ఓటు కాగితాలిచ్చే పని అప్పజెప్పాడు. ఒక్క తప్పూ చెయ్యలేదు. ఓటేసినవాళ్ళ చొక్కాకి అంటించే స్టిక్కరు ఒకటి పిలార్ కోసం జేబులో దాచాను. తలుపు తీసినప్పుడల్లా తలెత్తి చూస్తున్నాను.

చీకటి పడబోతుండగా డ్వైట్ వచ్చాడు.

"పిలార్ ఏది?" అన్నాను.

"ఇంకెక్కడుంటుంది? సీసాల దగ్గర. మీరు పన్నెండు మంది ఇక్కడ ఎర్ర చొక్కాలేసుకుని కూర్చుంటే, అక్కడ సీసాలు వాటంతటవే లేబుళ్ళు అంటించుకుంటాయా? రెండో షిఫ్టు కుదురుకునేదాకా ఎవరూ కదలొద్దన్నాడు కెస్లర్."

"నువ్వెలా వచ్చావు?"

"పన్ను నొప్పి." బుగ్గ పట్టుకుని చూపించాడు.

లేచి ఫ్యాక్టరీకి ఫోను చెయ్యాలనుకున్నాను. నా ముందు క్యూ తలుపు దాటి, ఫైరింజన్ల చుట్టూ తిరిగి, వీధి దాకా ఉంది. కాగితం కోసం చాచిన చెయ్యి ఒకటి తర్వాత ఒకటి. ఫోను చేసినా ఏమని చెబుతాను? కెస్లర్ కుర్చీ ఎక్కి మంచిమాటే చెప్పాడు. చెయ్యెత్తినవాళ్ళం మేమే.

పోలింగ్ ముగిసే వేళకి, ఆరవుతుండగా, లైల్ నా భుజం తట్టాడు. "అమ్మా వెర్నా, నీ చొక్కా దూరం నుంచి బాగా కనిపిస్తోంది. వెళ్ళి క్యూ చివర నిలబడు. నేను తలుపు దగ్గర కేక వేశాక, నీ ముందున్నవాళ్ళే ఓటర్లు. నీ వెనక ఎవరొచ్చినా లేనట్టే. సరేనా?"

వెళ్ళి నిలబడ్డాను. నా ముందు లారీ డ్రైవరులా ఉన్న గడ్డపాయన. వీధి మలుపు కేసే చూస్తున్నాను. ఎవరూ రాలేదు.

"పోలింగ్ అయిపోయింది!" లైల్ కేక ఆవరణంతా వినిపించింది.

ఆ కేక ఇంకా చెవిలో ఉండగానే అడుగుల చప్పుడు. నీలం గౌను, కింద ఫ్యాక్టరీ తెల్ల రబ్బరు బూట్లు. బూట్లు మార్చుకునే తీరిక లేకపోయింది పాపం. జుట్టు రాలకుండా తలకు కట్టుకునే వల అలాగే ఉంది.

"వచ్చేశా!" ఆయాసపడుతూ నా వెనక నిలబడి నడుం చుట్టూ చెయ్యి వేసింది. "చోటు పట్టి ఉంచావా నాకోసం? నాకు తెలుసు."

వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాను. నేను చెప్పక ముందే ఆ చెయ్యి నెమ్మదిగా జారిపోయింది.

"గౌను మార్చుకున్నా," అంది. "గౌను కోసం ఆగా దోన్యా వెర్నా. ఎంతోసేపు కాదు."

గడ్డపాయన మా వైపు తిరిగాడు. "ఇంత గొడవెందుకమ్మా? నా చోటు ఆమెకిచ్చేస్తా. నాకెవరు గెలిచినా ఒకటే, ఆకలేస్తోంది."

పిలార్‌ను వెంటబెట్టుకుని, పరుగులాంటి నడకతో లైల్ దగ్గరికి వెళ్ళి అడిగాను. టోపీ తీసి తల గోక్కున్నాడు. "చోటు మనిషిది కాదమ్మా, ఇంకొకళ్ళకివ్వడానికి. ఈమె కేక తర్వాత వచ్చింది. నేనొప్పుకుంటే రేపు ఈ క్యూ మొత్తాన్ని తప్పంటారు." చెడ్డవాడు కాడు. ఆమె వైపు చూడలేక నేల చూశాడు.

మేం తిరిగొచ్చాక గడ్డపాయన ఇంకాసేపు నిలబడి, విసుగెత్తి వెళ్ళిపోయాడు. నా ముందు ఒక మనిషి పట్టేంత ఖాళీ. నేనొక అడుగు ముందుకు వేసి ఆ ఖాళీ పూడ్చాను. చొక్కా నాది కనుక అది నా పనే.

క్యూ కదిలినప్పుడల్లా పిలార్ నా పక్కనే గడ్డిలో నడిచింది, క్యూలో కాకుండా. తలుపు దాకా అలాగే వచ్చింది. జేబులో స్టిక్కరు తీసి ఇవ్వబోయాను.

"వెయ్యకుండానా?" అంది. కోపం లేదు. వేలితో నా అరచేతిని మూసింది. "లోపలికెళ్ళు, పిలుస్తున్నారు. బయట చలిగా ఉంది."

నా జీవితమంతా గుమ్మంలో మిగిలిపోయేది నేనే. ఆ సాయంత్రం నేను లోపలికి వెళ్ళాను, తలుపు అద్దం అవతల ఆమె నిలబడింది.

మర్నాడు భోజనాల గదిలో కెస్లర్ కేకు తెప్పించాడు. మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీయించాడు. "వీళ్ళవల్లే మన ఊళ్ళో ఎన్నిక సజావుగా జరిగింది. చప్పట్లు కొట్టండి!"

సీసాల దగ్గర్నుంచి నేరుగా వచ్చినవాళ్ళు తడి చేతితొడుగులతోనే కొట్టారు. పిలార్ కూడా కొట్టింది, నన్నే చూస్తూ. అందరూ ఆపాక కూడా కాసేపు కొట్టింది.