సిస్టర్లు ఒప్పుకున్నారట

"కాన్వెంటు సిస్టర్లు ఒప్పేసుకున్నారు," అన్నారు మా ఆయన సత్యప్రసాద్, నేను రొయ్యలు ఒలుస్తుండగా. "రేపు పొద్దున్నే చెరువు తవ్వడానికి పొక్లెయిన్ వస్తుంది. అచ్చిబాబుకి టిఫిను మనింట్లోనే. పెసరట్లు వేసెయ్."

రొయ్య తల తీసి, పెంకు ఒలిచి, వీపులోని నల్లదారం లాగి పారేయడం నాకు నిద్రలో కూడా వచ్చు. బోటనీలో డిగ్రీ చేసిన చేతులివి. ఒకప్పుడు మందార పువ్వుని నిలువునా కోసి లోపలేముందో చూపించి మార్కులు తెచ్చుకున్నాయి. ఇప్పుడు మార్కులు వేసేది అత్తయ్యగారు. ఆవిడ దగ్గర ఇంతవరకు పాసైన వాళ్ళు లేరు.

"ఒప్పుకున్నామని వాళ్ళు అన్నారా?" అడిగాను.

"అనడమెందుకు? నిన్న నువ్వూ ఉన్నావుగా. అంతసేపు చెప్తే ఒక్కళ్ళూ కిక్కురుమనలేదు. మౌనం అర్ధాంగీకారం."

పక్కన వత్తులు చేసుకుంటున్న అత్తయ్యగారు, "ఆడవాళ్ళు నోరెత్తలేదంటే ఒప్పుకున్నట్టేరా," అని తీర్పు చెప్పేశారు. ఆ లెక్కన పెళ్ళయినప్పట్నుంచీ నేను ఎన్నిటికి ఒప్పుకున్నానో లెక్క పెట్టబోయాను. రొయ్య చేతిలోంచి జారి నీళ్ళల్లో పడింది.

మా రొయ్యల చెరువులకీ, సిస్టర్ల వరిచేనుకీ మధ్య ఉన్న ఎకరం నాది. పసుపు కుంకుమల కింద మా అమ్మ రాసిచ్చింది. నాది అంటే శిస్తు రసీదు మీద నాది. మిగతా అన్ని సందర్భాల్లోనూ "మనది". అది కూడా తవ్వేస్తే మా ఆయనా, ఆయన భాగస్తుడు అచ్చిబాబూ చేస్తున్న చెరువులన్నీ ఒకే ముక్కగా కాలవ దాకా వెళ్తాయి. తవ్వితే ఏమవుతుందో చెప్పడానికి నా డిగ్రీ కూడా అక్కర్లేదు. చెరువులో పెట్టే ఉప్పునీళ్ళు గట్టు కిందనుంచి పక్క చేలోకి ఊరతాయి. ముందు వరి ఆకుల కొసలు ఎండుతాయి, తర్వాత గింజ తాలు పోతుంది, ఆ తర్వాత ఆ రైతే వచ్చి "నాదీ తవ్వేయండి బాబూ" అంటాడు. మా ఊళ్ళో చెరువులన్నీ ఇలాగే పెరిగాయి. ఎవర్నీ బలవంతపెట్టక్కర్లేదు, ఆ పని ఉప్పు చూసుకుంటుంది. మిగిలింది సిస్టర్ల చేనొక్కటే, నా ఎకరం అడ్డుగా ఉంది కాబట్టి. వాళ్ళ నుయ్యి కూడా అందుకే మిగిలింది. ఊళ్ళో బోర్లన్నీ ఉప్పుదేరాయి. తియ్యటి నీళ్ళంటే ఆ నూతివే. రేపు పెసరట్ల మీదకి అచ్చిబాబు తాగబోయే టీ కూడా ఆ నీళ్ళతోనే.

కాన్వెంటులో నలుగురు సిస్టర్లూ, హాస్టలు పిల్లలూ ఉంటారు. నేను రోజూ కూరగాయల తొక్కలు బకెట్టులో పట్టుకెళ్ళి వాళ్ళ ఎరువు గోతిలో వేసి, బిందెడు నీళ్ళతో తిరిగొస్తాను. "చెత్త కూడా మోసుకెళ్ళి దానం చేసే కోడలు మాకే దొరికింది," అంటారు అత్తయ్యగారు. మొదటిసారి వెళ్ళి పెద్ద సిస్టరు ఆగ్నేసమ్మగారు ఎక్కడని అడిగితే అంట్ల దగ్గర చూపించారు. ఆ వారం అంట్ల వంతు ఆవిడదట. "పెద్దవారు, మీకెందుకండీ ఈ పని?" అన్నాను. "తిన్నానుగా అమ్మా, అందుకు," అన్నారు గిన్నె బోర్లిస్తూ. ఆ మాటని జాగ్రత్తగా ఇంటికి తెచ్చి మా ఆయన కంచం పక్కన వడ్డించాలనిపించింది. వడ్డించలేదు.

వాళ్ళు చేనుకి పురుగుమందు కొట్టరు. కోతలప్పుడు మొదటి కంకుల్ని కుచ్చుగా అల్లి చాపెల్లో, అంటే వాళ్ళ ప్రార్థన గదిలో, శిలువ కింద వేలాడదీస్తారు. పిచ్చుకల కోసం మా అమ్మ చూరుకి కట్టే కుచ్చే అది, అదే ముడి. "నేల ప్రభువుదమ్మా, మేం కౌలుకి ఉన్నాం. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పజెప్పాలి," అన్నారొకసారి ఆగ్నేసమ్మగారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "అయితే రొయ్యలూ ఆయనవేగా. వైరస్ తగిలినప్పుడు ఆయన్నే రమ్మను," అన్నారు. హాస్యం మా ఇంట్లో ఇద్దరికీ ఉంది. పైకి అనే హక్కే ఒకరిది.

నిన్న మా ఆయన, తర్వాత పేచీ రాకూడదని, పూతరేకుల డబ్బాతో నన్ను బండెక్కించుకుని కాన్వెంటుకి వెళ్ళారు. "గట్టు ఎత్తుగా వేయిస్తామండి సిస్టరుగారూ. మా ఆవిడ కూడా మీ మనిషేగా," అంటూ చాలాసేపు చెప్పారు. నలుగురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. ఆఖర్న ఆగ్నేసమ్మగారు, "విన్నామండి," అన్నారు. అంతే.

వాళ్ళ పద్ధతి నాకు తెలుసు. కొబ్బరిచెట్టు కొట్టించాలన్నా సరే, విన్న రోజు జవాబివ్వరు. ఆ సంగతిని ప్రార్థనలో పెట్టుకుంటారు. మర్నాడు గుండ్రంగా కూర్చుంటారు. అందరికంటే చిన్న సిస్టరు ముందు మాట్లాడాలి, పెద్దావిడ చివర. ఒకరి మాటకి ఇంకొకరు అడ్డు రాకూడదు. ఇదంతా మా ఆయనకి చెప్పి ఉండొచ్చు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఆయన ఈల వేస్తుంటే చెప్పబుద్ధి కాలేదు.

రొయ్యలు వండి దించి, తొక్కల బకెట్టు తీసుకుని బయల్దేరాను.

"మంచి టైముకొచ్చారక్కా," అంది చిన్న సిస్టరు విమల, గుమ్మంలోనే బకెట్టు అందుకుంటూ. చాపెల్లో చాపలు పరిచి ఉన్నాయి. ఆగ్నేసమ్మగారు నాకూ ఒక చాప చూపించారు.

"నేను మీ మతం కాదు కదండీ."

"చేను నీది కదమ్మా. కూర్చో."

ముందు విమల మాట్లాడింది. "నాకు భయంగా ఉంది. నుయ్యి పోతే హాస్టలు పిల్లలకి నీళ్ళెక్కడివి? కానీ సత్యప్రసాద్ గారి మీద కోపంగానూ ఉంది. ఈ కోపంతో ప్రార్థన ఎలా చెయ్యాలో తెలీట్లేదు." ఎవరూ ఓదార్చలేదు, తప్పనలేదు. వయసు వరసలో తర్వాత నేను.

"ఈ చేను విషయంలో నేను..." అని ఆగాను.

అలవాటు. మా ఇంట్లో నా మాట అక్కడిదాకా వస్తే చాలు, మిగతాది ఎవరో ఒకరు అందుకుంటారు. "తెలుసులే." "ఇప్పుడది కాదు." "అక్కడ పాలు పొంగుతున్నాయి చూడు." ఇక్కడా ఆగి ఎదురుచూశాను. ఎవరూ అందుకోలేదు. ఫ్యాను కిర్రుమంటోంది. నలుగురు ఆడవాళ్ళు నా మొహంలోకి చూస్తూ, వాళ్ళకింక వేరే పనే లేనట్టు కూర్చున్నారు. ఇన్నాళ్ళకి నా మాట నా చేతికే తిరిగొచ్చింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. పూర్తి చెయ్యాలంటే ముందు నాకేం కావాలో నాకు తెలిసుండాలి కదా! కుచ్చులోంచి గింజ ఒకటి రాలింది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"...నేను ఒప్పుకోలేదు," అన్నాను చివరికి. "ఎప్పుడూ ఒప్పుకోలేదు. నన్నెవరూ అడగలేదు."

అందరి తర్వాతా ఆగ్నేసమ్మగారు మాట్లాడారు. "మనందరి మాటా ఒకటే. రేపొచ్చి వద్దనే చెబుతాం. కానీ మా మాటకి ఆ మిషను ఆగదు, దుర్గమ్మా. చేను నీది. మాకైతే నుయ్యి పోతుంది, చేను పోతుంది. ఇంకో ఊరు పొమ్మంటే పెట్టె సర్దుకుని పోతాం. నువ్వు ఆ ఇంట్లోనే ఉండాలి. అందుకని నిన్నేమీ అడగను."

అడిగి ఉంటే బాగుండేది. కాదనడానికి వీలుండేది.

ఇంటికొచ్చి పెసలు నానబోశాను. మనసు ఎక్కడున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

తెల్లారేసరికి పొక్లెయిన్ నా చేను గట్టు మీదుంది. ఇంజను మోతకి కొంగలు లేచిపోయాయి. మా ఆయన తెల్లచొక్కా వేసుకున్నారు. అచ్చిబాబు పక్కనే నిలబడి అప్పుడే చెరువు నిండిపోయినట్టు చేను వంక చూస్తున్నాడు. అత్తయ్యగారు పసుపు గిన్నె పట్టుకున్నారు. కొబ్బరికాయ, హారతి పళ్ళెం నా చేతుల్లో ఉన్నాయి. శుభకార్యాల్లో పళ్ళేలు మొయ్యడానికి నన్ను ఎప్పుడూ మరిచిపోరు.

సిస్టర్లు తమ చేను గట్టు మీదుగా వచ్చారు. "సత్యప్రసాద్ గారూ, ఆలోచించుకున్నామండి. మాకు సమ్మతం కాదు," అన్నారు ఆగ్నేసమ్మగారు.

మా ఆయన మొహం చూడాలి! "అదేంటండీ! మొన్న ఊరుకున్నారు కదా?"

"మొన్న విన్నామండి."

"వాళ్ళ సమ్మతం ఎవడికి కావాలి బావా," అన్నాడు అచ్చిబాబు. "మన చేలో మనం తవ్వుకుంటున్నాం. ఊఁ, కానియ్ డ్రైవరూ."

"ఏవండీ," అన్నాను. "ఈ చేను విషయంలో నేను..."

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఈ చేను విషయంలో నేను..."

"ముందు మిషనుకి బొట్టు పెట్టవే, వర్జ్యం వచ్చేస్తోంది," అన్నారు అత్తయ్యగారు.

పొక్లెయిన్ చెయ్యి పైకి లేచింది. పళ్ళెం పట్టుకుని దాని కిందకి వెళ్ళి నిలబడ్డాను. బొట్టు పెట్టడానికే అనుకున్నట్టున్నారు, ఎవరూ ఆపలేదు. పళ్ళెం గట్టు మీద దించి, చేతులు కట్టుకున్నాను. డ్రైవరు నన్ను చూశాడు, మా ఆయన్ని చూశాడు, ఇంజను ఆపేశాడు.

"దుర్గా! ఏంటిది, నలుగురిలో?" అన్నారు మా ఆయన.

"మీరంతా చెప్పడం అయిందా అండీ? చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు చివర. ఈ చేనుకి పెద్దదాన్ని నేనే కాబట్టి ఆగాను." గొంతు నాది కాదనిపించింది. బహుశా ఇదే నాదేమో. "ఈ చేను నేను తవ్వనివ్వను. వరి చేను, వరి చేనుగానే ఉంటుంది. ఈ సార్వా పంటకి ఊడుపులు నేనే చేయిస్తాను."

మా ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు, మిగతాది ఎవరైనా అందుకుంటారేమోనని. అందుకోవడానికి ఏమీ మిగల్లేదు. అచ్చిబాబు ఆయన వంక చూశాడు. ఆయన వాళ్ళమ్మ వంక చూశారు. ఆవిడ పసుపు గిన్నె వంక చూసుకున్నారు. ఇంటికెళ్ళాక గాలివాన ఉంటుందని తెలుసు. ఆ గాలివానలోనే వంట కూడా చెయ్యాలని తెలుసు.

నిన్న నా మాట కోసం సిస్టర్లు ఆగినంతసేపూ ఆగాను, ఎవరికైనా చెప్పాల్సిందేమైనా ఉంటే చెప్పుకోవాలని. ఎవరూ కిక్కురుమనలేదు. వంగి కొబ్బరికాయ తీసుకున్నాను, పెసరట్లలోకి పచ్చడి చెయ్యాలి. తర్వాత డ్రైవరు వైపు తిరిగాను.

"మిషను వెనక్కి తిప్పు నాయనా. అందరూ ఒప్పేసుకున్నారు."