మొదటి నీళ్ళు

మధ్యాహ్నం కాకుండానే బాయిలర్ మళ్ళీ మొరాయించింది. హోటల్ దుప్పట్లు సగం ఉతికినవీ సగం ఉతకనివీ కలిసిపోయి గచ్చు మీద గుట్టలుగా పడి ఉన్నాయి. సాయంత్రానికి హోటల్ బండి వచ్చి నిలబడుతుంది. ఇస్త్రీ బల్ల మీద ఆరిన బట్టలు నడుమెత్తు పేరుకున్నాయి. ఆ బల్ల దగ్గర ఉండాల్సిన మనిషి లేదు. లేదని లాండ్రీలో అందరికీ తెలుసు. తెలిసే ఎవరూ అటు చూడటం లేదు.

"పెద్దమ్మా, నన్ను ఉతకమంటావా, ఆరెయ్యమంటావా, ఇస్త్రీ చెయ్యమంటావా? నాకున్నవి రెండే చేతులు. పొద్దున్నే గుడికి పోతావుగా, ఇంకో జత చేతులు ఇప్పించమని అడక్కపోయావా? నీ మాటైతే వింటాడు ఆ దేవుడు," అంది పొడుగామె.

పొడుగామె ఈ లాండ్రీ పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉంది. బట్టలారేసే తీగలకు చెయ్యి అందేంత ఎత్తు మనిషి కనక ఆ పేరు ఖాయమైపోయింది. ఎప్పుడూ ఆమె వేళాకోళానికి పెద్దమ్మ ముసిముసిగా నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

పెద్దమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది బాప్తిస్మం పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మొగుడు పోయిన ఏడాది ఒక తొట్టీ, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టుకుని ఇరుగుపొరుగు బట్టలతో మొదలుపెట్టింది. చేతులు పాచిపోయి, గోళ్ళు తెల్లబడి, ఒక్కో హోటల్నీ కాళ్ళరిగేలా తిరిగి పట్టింది. దుప్పటికి వాళ్ళిచ్చేది గుక్కెడు టీ ఖరీదుకు కూడా రాదు. ఆ గీచిగీచి ఇచ్చిన డబ్బుతోనే కొడుకును పెంచింది, లాండ్రీ మీద మేడ కట్టింది, పనివాళ్ళ పొయ్యి వెలిగించింది. తెల్లవారుజామున పూజ తప్పదు. జపమాల ఎప్పుడూ నడుం దగ్గర దోపి ఉంటుంది. ఎవరి జేబులోనైనా చిల్లర దొరికితే ఎండలో నడుచుకుంటూ వెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి. ఆ గుడి విచారణలోని కుటుంబాల్లో ఎవరైనా తగువు పడితే, "పెద్దమ్మను అడగండి, ఆమె నోట అబద్ధం రాదు," అంటారు. ఆ మాట విని ఆమె తల వంచుకునేది. లోపల మాత్రం సంతోషపడేది. ఆ పాటి సంతోషం కూడా లేకపోతే మనిషి దేంతో బతుకుతుంది?

ఇస్త్రీ బల్ల దగ్గర లేని మనిషి ఆమె కోడలు. పెళ్ళయిన వారానికే ఆ బల్ల దగ్గర నిలబడింది. మళ్ళీ పురుళ్ళకు తప్ప కదల్లేదు. ఇంటి మనిషికి జీతమేమిటని కొడుకన్నాడు, తల్లీ అదే అంది. ఆ కోడలు పోయిన వారం పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని వడ్రంగి అన్న ఇంటికి వెళ్ళిపోయింది. ఇక తిరిగి రానని ఫాదర్‌గారికి చెప్పింది. ఆయన ఇవాళ సాయంత్రం అందరినీ గుడి పక్కనున్న తన ఇంటికి రమ్మన్నారు.

కొడుకు బాయిలర్‌ను రెంచీతో నాలుగు బాది, అది మళ్ళీ బుసకొట్టాక చేతులు తుడుచుకుంటూ తల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, సాయంత్రం ఫాదర్‌గారు నిన్నొక్కదాన్నే అడుగుతారు. దాని మాటా వినరు, నా మాటా వినరు. నీ కొడుకు చెయ్యి చేసుకున్నాడా అంటారు. లేదు అను. అంతటితో సరి."

"చేసుకోలేదా నాయనా?"

"ఏ ఇంట్లో లేదో చెప్పు! పొద్దస్తమానం ఈ ఆవిరిలో చచ్చి మేడెక్కితే దాని ముఖం అలా పెడుతుంది. కోపంలో ఒకటి పడుతుంది. నాన్న నిన్ను కొట్టలేదా? నువ్వు ఇల్లు వదిలి పోయావా?"

పోలేదు. అది నిజం. దేవుడిచ్చిన సిలువ అనుకుని మోసింది. మోసినందుకు గుడిలో అందరూ గౌరవించారు. తన సిలువను ఎప్పుడు దించుకుందో, ఎప్పుడు కోడలి భుజాన పెట్టిందో ఆమెకు గుర్తు లేదు.

"పీఠం గుడ్డలు ఇంకా ఉతకలేదు. పని చూసుకోనీ," అంది.

పీఠం గుడ్డలు ఇంకెవరూ ముట్టుకోరు. పూజలో ప్రభువు రక్తంగా మారిన ద్రాక్షరసం పాత్రను ఫాదర్‌గారు తుడిచిన చిన్న గుడ్డల్ని ఆమె విడిగా, పింగాణీ గిన్నెలో ఉతుకుతుంది. ఆ మొదటి నీళ్ళు మురుగులో పొయ్యకూడదు. ప్రభువు రక్తం ఒక్క చుక్క అంటి ఉన్నా అది కాళ్ళ కింద పడకూడదు. పెరటి గోడవార గులాబీ మొక్క ఉంది. ఆ నీళ్ళు దాని మొదట్లో పోసి, సిలువ గుర్తు వేసుకుని, అప్పుడు గంజి పెడుతుంది. ఆ మొక్క పువ్వు కోసి తల్లో పెట్టుకోబోయి పొడుగామె ఒకసారి చీవాట్లు తింది.

ఇవాళా అలాగే చేసింది. గుడ్డలు ఆరేసి వచ్చి, కొడుకు తన గది నుంచి తెచ్చి పడేసిన మూట విప్పింది. అదీ ఇంకెవరికీ ఇవ్వదు. ఇంటి బట్టలు పనివాళ్ళకు వెయ్యడం బాగోదంటుంది.

దుప్పటి మడతలో దిండు గలీబు ఉంది. దాని మీద అరచేతంత మరక ఎండి గోధుమరంగుకు తిరిగింది.

ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. చన్నీళ్ళలో నానెయ్యాలి, ఉప్పు రాయాలి, మళ్ళీ చన్నీళ్ళు. తెల్లారేసరికి మల్లెపువ్వులా వస్తుంది. ఎన్ని గలీబులు అలా తెల్లబరిచిందో! ఎవరి నెత్తురని అడగలేదు. మడత పెట్టి, నలగకుండా మళ్ళీ ఆ మంచం మీదే పెట్టి వచ్చేది. కోడలు వాటిని చూసి ఏమనుకునేదో ఇప్పటిదాకా ఆలోచించలేదు. ఇవాళ ఆ ఆలోచన వచ్చింది. వచ్చి పోలేదు. దాంతో పాటు 'లేదు అను, అంతటితో సరి' అన్న కొడుకు మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. కుళాయి తిప్పింది, గలీబు తొట్టిలో ముంచింది.

ముఖానికి ఆవిరి కొట్టాక గానీ వేణ్ణీళ్ళ కుళాయి తిప్పానని ఆమెకు తెలియలేదు.

గబుక్కున పైకి లాగింది. అప్పటికే అయిపోయింది. మరక అంచులు బిగిసి, తుప్పు పట్టినట్టు గుడ్డలోకి దిగిపోయింది. ఇక ఏ ఉప్పూ ఏ సబ్బూ దాన్ని కదపలేవు.

"అయ్యో పెద్దమ్మా! నెత్తురు మరకను వేణ్ణీళ్ళలో వేశావేంటి? నేను పనిలో చేరిన రోజు మొదట నేర్పింది అదేగా!" అంటూ పొడుగామె వచ్చింది. గలీబు చూసి గొంతు తగ్గించింది. "ఆ గది మూట నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు నువ్వు. ఎందుకివ్వవో తెలిసీ నేనూ నోరు మూసుకున్నాను. నీ అన్నం తింటున్నానుగా."

పెద్దమ్మ తొట్టి అంచు పట్టుకుని పీట మీద కూర్చుంది. ప్రతి శనివారం తప్పులు ఒప్పుకోడానికి ఫాదర్‌గారి దగ్గరికి పాపసంకీర్తనానికి వెళ్ళేది. కసురుకున్నదీ, జపంలో కునుకు తీసిందీ, అన్నీ ఏరి ఏరి చెప్పుకునేది. ఈ సంగతి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. దాచాలని కాదు. మరక పోగొట్టడం పాపమని ఆమెకు తట్టలేదు.

సాయంత్రం ఫాదర్‌గారి ముందు గదిలో బల్లకు అటువైపు కోడలు కూర్చుని ఉంది. ఎడమ చెవిలో దూది. ఎవరు మాట్లాడినా కుడి చెవి తిప్పి వింటోంది. వెనక వడ్రంగి అన్న కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. కొడుకు ఉతికిన చొక్కా వేసుకుని, దువ్వుకుని, నోట్లో నాలుక లేనివాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ పీఠం గుడ్డల సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

ఫాదర్‌గారు చెడ్డ మనిషి కాదు. ఇళ్ళు విడిపోవడం చూసి చూసి అలిసిపోయిన మనిషి.

"పెద్దమ్మగారూ, పెళ్ళి అనేది గుడిలో పడ్డ ముడి. అమ్మాయి ఒకటి చెబుతోంది, అబ్బాయి ఇంకొకటి చెబుతున్నాడు. మెట్ల మీద జారిపడిందంటాడు. ఆ ఇంట్లో మూడో పెద్ద మనిషి మీరే. అబ్బాయి కొట్టాడా? లేదని మీరు ఒక్క మాట అంటే అమ్మాయికి నేను నచ్చజెప్పి ఇప్పుడే పంపిస్తాను."

"పెద్దమ్మగారు లేదంటే నేనూ అడ్డు చెప్పను ఫాదర్. ఆమె మాట అలాంటిది," అన్నాడు వడ్రంగి. చెల్లెలు తలెత్తలేదు.

ఒక్క మాట. లేదంటే ఆ పిల్ల ఈ పూటే మేడెక్కి ఆ మంచం మీదికి పోవాలి. కొట్టాడంటే, నవమాసాలు మోసి, దుప్పట్లు ఉతికి పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు తనకు ఇక లేడు. పెద్దమ్మ చెయ్యి జపమాల కోసం నడుం తడిమింది. దాన్ని వదిలేసి సంచీలో చెయ్యి పెట్టింది. తెల్లటి పీఠం గుడ్డలు తీసి బల్ల మీద ఒక పక్కన పెట్టింది. వాటి కింద నుంచి గలీబు తీసి విప్పి పరిచింది.

"ఇది వీళ్ళ మంచం మీదిది ఫాదర్‌గారూ. కొట్టాడు. చాలాసార్లు కొట్టాడు."

"అమ్మా!" అని కొడుకు లేచాడు.

"కూర్చోరా. ఇంకా అవలేదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి ఫాదర్‌గారూ. చూపిద్దామంటే ఒక్కటీ లేదు. అన్నీ నేనే ఉతికేశాను."

కొడుకు కుర్చీ తన్ని బయటికి నడిచాడు. "రేపటి నుంచి ఆ లాండ్రీ నువ్వే ఏలుకో! నాకు తల్లి లేదు!" అన్న కేక వీధిలోంచి వినబడింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది.

ఫాదర్‌గారు గలీబును నెమ్మదిగా మడిచారు. "అమ్మాయిని పంపమని ఇక నేను అనను. ఇది మాత్రం ఉతికించెయ్యండి పెద్దమ్మగారూ. నలుగురి కంటా పడితే మీకే తలవంపులు."

"ఇది ఉతకను ఫాదర్‌గారూ."

ఆమె జీవితంలో ఒక ఫాదర్‌గారికి కాదని చెప్పడం అదే మొదలు.

కోడలు లేచి నిలబడింది. ఒక అడుగు అత్త వైపు వేసింది. దగ్గరికి తీసుకుంటుందేమోనని పెద్దమ్మ ఆశపడింది, దాచడమెందుకు. కానీ కోడలు బల్ల మీది గలీబు కేసే చూస్తోంది.

"ఉతికి మడతపెట్టి మళ్ళీ నా తల కిందే పెట్టేవారు అత్తయ్యా. పొద్దున్నే తెల్లగా చూసి, రాత్రి జరిగింది నా భ్రమేమో అనుకునేదాన్ని కొన్నాళ్ళు. తర్వాత తెలిసింది, మీకు అంతా తెలుసని. ఆ రోజు ఏడ్చినంత, ఆయన కొట్టినప్పుడు కూడా ఏడవలేదు."

కోడలు గలీబు తీసుకుని చంకలో పెట్టుకుంది. అన్న వెంట మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

లాండ్రీకి వచ్చేసరికి హోటల్ బండి వాడు తిట్టుకుంటూ ఖాళీగా వెళ్ళిపోయాడని పొడుగామె చెప్పింది. ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర చేతగాని చేత్తో కుస్తీ పడుతోంది. పెద్దమ్మ పెరట్లోకి వెళ్ళింది. గలీబు ముంచిన తొట్టి అలాగే ఉంది. నీళ్ళు చల్లారి, అడుగున కాస్త ఎర్రజీర కనబడుతోంది.

అలవాటుగా తొట్టి ఎత్తి మురుగు వైపు వంచబోయింది. వంచలేకపోయింది.

తొట్టిని గుండెకు ఆనించుకుని, గోడవారకు నడిచింది.

"పెద్దమ్మా, అక్కడ కాదు! అది పీఠం గుడ్డల నీళ్ళు పోసే చోటు!" అని గుమ్మంలోంచి అరిచింది పొడుగామె.

"నాకు తెలుసు," అంది పెద్దమ్మ. ఒక్క చుక్క కూడా పక్కకు పోకుండా, గులాబీ మొదట్లో నెమ్మదిగా పొయ్యసాగింది.