కట్ట కింద కొట్టం

మట్టికట్టకి తరగతి ఇచ్చేది దాని బలాన్ని చూసి కాదు, అది తెగితే కింద ఎవరు పోతారో చూసి. మనుషులు పడుకునే ఇల్లుంటే మొదటి తరగతి: అలుగు వెడల్పు చేయాలి, చెట్లు కొట్టాలి, ఏటా తనిఖీ. ఎవరూ లేకపోతే మూడో తరగతి, ఎవడూ తొంగి చూడడు. పెద్దాయన సొంత చెరువు కట్ట కింద ఒకే ఒక్క ఇల్లుంది. అందులో చనిపోయిన తమ్ముడి భార్య ఒక్కతే ఉంటుంది.

తరగతి వెయ్యడానికి ఇంజనీరు వస్తున్నాడని తెలియగానే పెద్దాయన మరదలి దగ్గరికొచ్చి, ఎన్నడూ లేనిది, "అమ్మా" అని పిలిచాడు. ఒక్కపూట ఇల్లు కొట్టంలా కనిపించాలన్నాడు. మొదటి తరగతి పడితే ఆ ఖర్చుకి చెరువు అమ్ముకోవాలి, దాంతో పాటు ఈ ఇల్లూ పోతుందన్నాడు. ఆవిడకి ఉన్న గూడు అదొక్కటే. పొయ్యి పీకేసింది, మంచం పైన బావగారింటికి పంపింది, గచ్చు మీద గడ్డి పరిచింది. మేకల్ని ఆయన తోలాడు. ఆవిడ ఏ పనైనా వంక పెట్టడానికి లేకుండా చేసే మనిషి. మొగుడి ఫోటో తీసేసి, ఆ గోడకి పేడ కూడా పులిమింది. ఇంజనీరు ముక్కు మూసుకుని గుమ్మంలోంచే అడిగితే, ఇక్కడెవరూ ఉండరని, పాలు పితకడానికి వస్తానని తనే చెప్పింది. మూడో తరగతి వచ్చింది. ఆ పూట తోడికోడలు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని మరీ భోజనం పెట్టింది.

మంచం తిరిగొచ్చింది. మేకలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

వానలు పట్టాక కట్ట అడుగున తేటగా ఊరే నీళ్ళు ఎర్రబడ్డాయి. అంటే లోపలి మట్టి కొట్టుకొస్తోంది. బావగారికి చెబితే చూద్దామన్నాడు. ఆయన చూద్దామన్నాడంటే చూడడనే. ఉండబట్టలేక, తానెవరో చెప్పకుండా ఇంజనీరుకి ఫోన్ చేసింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన వానలో తడుస్తూ దిగివచ్చాడు. ఎంత కాదన్నా అయినవాడు కదా అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, కట్టిపెట్టుకున్న మూట అందుకుంది. ఆయన మేకల తాళ్ళు విప్పుతున్నాడు.

"ఇంజనీరు కట్టమీదున్నాడు. నువ్వు మూటతో పైకొస్తే నా కొంప మునుగుతుంది. ఆయన వెళ్ళాక రా."

"ఈలోపు కట్ట తెగితే, బావగారూ?"

"ఇన్నాళ్ళు తెగనిది ఇప్పుడే తెగుతుందా? తలుపేసుకో. చప్పుడు చెయ్యకు."

పైన ఇంజనీరు మేకల్ని చూసి, మూగజీవాల మీద ఈమాత్రం జాలి ఉన్నవాళ్ళు అరుదని మెచ్చుకున్నాడు. కట్ట సాయంత్రం దాకా ఆగదని, తామే ఒకచోట గండి కొట్టి నీళ్ళు వదిలేయాలని చెప్పాడు.

"అటు కొడితే మీ తోట పోతుంది. ఇటైతే ఖాళీ కొట్టమేగా. లోపల ఎవరూ లేరుగా?"

పెద్దాయన కాపుకొచ్చిన తన తోటని చూశాడు. తర్వాత కింద మూసి ఉన్న తలుపుని చూశాడు. చెప్పిన మాట వినే మనిషి ఆవిడ. ఏ చప్పుడూ లేదు.

"ఎవరూ లేరండీ," అని వెళ్ళి పలుగు తెచ్చి ఇచ్చాడు.