డెబ్బై గీతల దారి

అబ్దుల్ వాహిద్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంకాసేపట్లో అతని మీద మీకు కోపం వస్తుంది.

ఇల్లు ప్రొద్దుటూరులో. పని జమ్మలమడుగు చుట్టుపక్కల పద్నాలుగు సర్కారు బళ్లలో. ఉద్యోగం పేరు సీఆర్పీ. అంటే బండి మీద బడిబడికీ తిరిగి, అక్కడి లెక్కలన్నీ ఫోన్లోకి ఎక్కించే కాంట్రాక్టు మనిషి. ఏటా మే నెలలో రెన్యువల్ కాగితం వస్తేనే జూన్లో ఉద్యోగం ఉన్నట్టు. అందుకని పైనుంచి ఏ పని చెప్పినా వాహిద్ కాదనడు, రేపనడు.

ఆ ఏడు పైనుంచి వచ్చిన పని దూరాలు కొలవడం. పిల్లలు తక్కువున్న చిన్న బళ్లను మూసేసి, కిలోమీటరు లోపు పెద్ద బడి ఏదైనా ఉంటే అందులో కలపాలని కొత్త విధానం తయారవుతోంది. ఆలోచన మరీ కొట్టిపారేసేది కాదు. ఒక్క టీచరు అయిదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఏం చెప్పగలదు? పెద్ద బడికి పోతే సబ్జెక్టుకో టీచరు, ల్యాబు, ఆటస్థలం. కాకపోతే పిల్లలు ఆ బడికి చేరాలి కదా, దానికి దారి కొలవాలి. ఫోన్లో యాప్ ఇచ్చారు. అందులో రెండు బటన్లు. ఒకటి నొక్కితే మనిషి నడిచినంత మేరా కొలుస్తుంది. రెండోది నొక్కితే రెండు బళ్ల మధ్య కాకి ఎగిరినట్టు నేరుగా గీత గీసి చెప్పేస్తుంది. మొదటిదానికి గంట పడుతుంది, రెండోదానికి నిమిషం చాలు. వాహిద్ ఏది నొక్కి ఉంటాడో మీరే చెప్పండి. కింద ‘నడిచి కొలిచాను’ అన్న గడి ఉంటే దాని పక్కన టిక్కు కూడా పెట్టేశాడు.

అట్లా క్వారీ కాలనీ బడికి ఎనిమిది వందల అరవై మీటర్లు వచ్చింది. కిలోమీటరు లోపే కాబట్టి మూసేసే జాబితాలో చేరింది. ఇక మిగిలింది తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకున్నట్టు ఒక వేలిముద్ర. బుధవారం పులివెందులలో సమావేశం. విజయవాడ నుంచి పెద్ద అధికారిణి వస్తోంది. జాబితా ఖాయం చేయడమే కాకుండా, చదువులు బాగుపడటానికి సీఆర్పీల దగ్గర సలహాలు కూడా తీసుకుంటుందట. వాహిద్ ఏడు సలహాలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టుకున్నాడు. పిల్లకో ట్యాబు, గదికో కెమెరా, టీచర్లకు రోజుకు రెండుసార్లు ఫోన్లో ముఖం చూపే హాజరు, బళ్లకు ర్యాంకులు, ఇట్లా. ఏడింటిలోనూ ట్యాబులున్నాయి, కెమెరాలున్నాయి, పిల్లల ఊసు మాత్రం పెద్దగా లేదు.

సోమవారం మధ్యాహ్నం వేలిముద్ర కోసం క్వారీ కాలనీకి పోయాడు. కాలనీ అంటే బండల పాలీష్ ఫ్యాక్టరీల వెనక నలభై ఇళ్లు. ఆడా మగా అందరిదీ బండల పనే. బడి ఒకే గది. పదకొండు మంది పిల్లలు, ఒక్క టీచరు. ఆమె పేరు దేవకుమారి, యాభై దాటిన మనిషి. వాళ్ల తాత కాలం నుంచీ, మిషన్ బళ్ల నాటి నుంచీ, ఆ ఇంట్లో అందరూ పంతుళ్లే.

వాహిద్ చెప్పులు విప్పి గదిలోకి నాలుగడుగులు వేశాడు. పిల్లలంతా ఒక్కసారిగా మాట ఆపేసి అతని కాళ్ల వైపు చూశారు. ముందు వరసలోని ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది.

“సార్, మీరు క్వారీ గుంతలో నిలబడినారు.”

వాహిద్‌కు ఏమీ అర్థం కాలేదు. కిందికి చూసుకున్నాడు. గది నేలంతా నల్ల బండలు. నల్లబల్ల రంగు వెలిసిపోయి, రంగు కావాలని పెట్టిన అర్జీకి రెండేళ్లయినా దిక్కు లేకపోతే, ఫ్యాక్టరీలో పక్కన పడేసిన బండలు తెచ్చి తల్లులే నేలకు పరిచారట. అప్పటి నుంచీ ఆ బడిలో నేలే పలక. పిల్లకొక బండ, దాని మీద ఆ పిల్ల సుద్దముక్కతో రాసుకోవాలి. రాసిన బండను తడిగుడ్డతో తుడిచేదాకా ఎవరూ తొక్కకూడదు. ఆ ఆచారం తెలియక వాహిద్ నేరుగా నడిచి వచ్చేశాడు.

ఆ రోజు మాత్రం బండలన్నీ కలిపి ఒకే బొమ్మ గీసి ఉంది. గడప నుంచి వెనక గోడ దాకా తెల్లగా ఒక దారి. అది కాలనీలో మొదలై, ఫ్యాక్టరీల సందులో దూరి, పెద్ద గుంతను చుట్టుకుని, లారీల రోడ్డు పట్టుకుని, హైస్కూలు గేటు దగ్గర ఆగింది. ఒక్కో బండ మీద ఒక్కో పిల్ల చేతిరాత. ఈడ కుక్కలుంటాయి. ఈడ నీడ లేదు. ఈడ లారీలు ఎనక్కి తిరుగుతాయి, నిలబడల్ల. ప్రతి బండకూ మూలన అడుగుల లెక్క. చివరి బండ మీద అయిదో తరగతి షహనాజ్ కూడిక చేసి పెట్టింది. తొమ్మిదివేల నూట నలభై అడుగులు, దాని కింద మీటర్లలో రెండువేల ఏడువందల ఎనభై ఆరు.

వాహిద్ జేబులోంచి ఫోను తీశాడు. అందులో నీలం గీత ఒకటి కాలనీ నుంచి హైస్కూలుకు తిన్నగా పోతోంది. ఫోనును బొమ్మకు సరిగ్గా తిప్పి పట్టుకుని చూశాడు. గీత క్వారీ గుంతకు ఈ ఒడ్డున మొదలై ఆ ఒడ్డున తేలింది. నడుమ ఎనభై అడుగుల లోతు. తాను ఇందాక నిలబడింది అక్కడే.

ఎట్లా కొలిచారని అడిగాడు. దేవకుమారి గొప్పలేమీ పోకుండా చెప్పింది. బడి మూసేస్తారని వినగానే ఫ్యాక్టరీలో బండలు కొలిచే వంద అడుగుల టేపు అడిగి తెచ్చారు. ఒక ఆదివారం ఒక కొన తల్లులు పట్టుకున్నారు, ఇంకో కొన పిల్లలు. తొంభై ఒక్కసార్లు టేపు పరిచి, పైన నలభై అడుగులు. కూడికలూ గుణకారాలూ ఆ నెలంతా ఆ దారి మీదే నడిచాయి. బొమ్మలో ఎక్కడన్నా తప్పు కనిపిస్తే పిల్లలు మళ్లీ పోయి కొలిచి వచ్చారు. ఇన్నేళ్లలో వాహిద్ చాలా బళ్లు చూశాడు, చాలా లెక్కలు ఎక్కించాడు. ఇంత ఖచ్చితమైన లెక్క, ఇంత చిన్న చేతులు చేసింది, ఎప్పుడూ చూడలేదు. గోడ వారగా గొంతుక్కూర్చుని ఒక్కో బండా చదవడం మొదలుపెట్టాడు.

ఒక బండ మీద అక్షరాలు లేవు, అంకెలు లేవు. వరసలు వరసలుగా నిలువు గీతలు. అది తనదేనంది ఇందాకటి చిన్నపిల్ల. పేరు కీర్తన, ఒకటో తరగతి. ఆమెకు అప్పటికి వంద దాకానే లెక్క వచ్చు. అందుకని టేపు లేకుండా తన కాలి అడుగులే వంద వేసి ఆగేదట, షహనాజ్ ఒక గీత గీసేదట, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదట. వాహిద్ వేలు పెట్టి లెక్కబెట్టాడు. మధ్యలో తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కబెట్టాడు. డెబ్బై గీతలు. ఆరేళ్ల పిల్ల ఏడువేల అడుగులు వేసి, ఒక్కటీ వదలకుండా లెక్క చెప్పింది. తాను వేసింది ఒక బటన్ నొక్కు.

అంతలో కమిటీ ఛైర్మన్ మైమూన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. మోచేతుల దాకా బండపొడి తడి. వచ్చిన పని దాచలేక వాహిద్ కాగితం బయటికి తీశాడు. ఆమె కోపపడలేదు. కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ నిమ్మళంగా చెప్పింది.

“ఏలిముద్ర యాడికీ పోదు భాయ్. ముందు నువ్వొకసారి నడిచి రా. కీర్తనను ఎంటబెట్టుకో, దాని అడుగుతోనే నడువు. వచ్చినాక యాడ ఎయ్యమంటే ఆడ ఏస్తా.”

వాహిద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంగళవారం పొద్దున ఎనిమిదికి మళ్లీ వచ్చి, బండి బడి దగ్గరే వదిలి, కీర్తన సంచి తన భుజాన వేసుకుని బయలుదేరాడు. సంచి తనకే ఇవ్వమని ఆ పిల్ల పట్టుబట్టింది. బడికి పోయేది తనైతే సార్ మోయడమేందని అడిగింది. ఇచ్చేశాడు.

పెద్దవాడి నడక కాదది. నాలుగడుగులకోసారి ఆగాలి. గుంత ఒడ్డున గాలి వీచినప్పుడల్లా తెల్లని పొడి కళ్లలో పడింది. లారీలు వెనక్కి తిరిగే చోట కీర్తన అతని వేలు పట్టి ఆపేసింది. డ్రైవర్లకు పొట్టివాళ్లు కనపడరనీ, పోలీసు లెక్కన చెయ్యెత్తినా ఆగరనీ, అందుకని గోడకు ఆనుకోవాలనీ అతనికి నేర్పింది. పదకొండు నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ముప్పై ఎనిమిదేళ్ల వాహిద్ కూడా ఆ రోడ్డును కీర్తన వేలు పట్టుకునే దాటాడు. ఈ పిల్ల రోజుకు రెండుసార్లు దాటాలి. ఏటా రెండువందల ఇరవై రోజులు.

హైస్కూలు చేరేసరికి గంటా పది నిమిషాలు. కొత్త రంగులు, నీళ్ల ట్యాంకు, వరండాలో బల్లలు. కీర్తన గేటు దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూసింది.

“బడి శానా బాగుండాది సార్,” అంది.

తర్వాత మెట్టు మీద కూర్చుంది. వాహిద్ హెడ్మాస్టరును పలకరించి వచ్చేలోగా సంచి మీద తల పెట్టి నిద్రపోయింది. లోపల మొదటి పీరియడు గంట కొట్టారు. ఆ పిల్లకు వినపడలేదు. వాహిద్ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాడు. అతనికి ఏడుపు వచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి ఏమీ అడ్డం లేదు.

కాసేపటికి ఆటోలో పిల్లను తీసుకుపోయి దేవకుమారికి అప్పగించాడు. కాగితం విషయం మైమూన్ ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

బుధవారం పులివెందుల బస్సులో కలమల్ల దాటేదాకా ఏడు సలహాల కాగితాన్ని మడిచి విప్పి మడిచి కూర్చున్నాడు. సమావేశం ఒక కల్యాణమండపంలో. అరవై మంది సీఆర్పీలు, ముందు వరసలో హెడ్మాస్టర్లు. టీ దగ్గర వేముల సీఆర్పీ పాలయ్య కనపడ్డాడు. వాహిద్ కంటే పెద్దవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. జరిగింది వాహిద్ అతని చెవిన వేశాడు. పాలయ్య అటూ ఇటూ చూశాడు.

“గమ్మునుండప్పా. నిన్నెవురన్నా అడిగినారా? మేలో రెన్యువల్ ఉండాది.”

నిజమే, ఎవరూ అడగలేదు. టిక్కు తప్పని ఒప్పుకుంటే రెన్యువల్ దేవుడెరుగు, కేసు కూడా పెట్టొచ్చు. గమ్మునుంటే జూన్లో కాలనీ బడికి తాళం పడుతుంది. వాహిద్ టీ సగం తాగి వదిలేశాడు.

సలహాలు మొదలయ్యాయి. ఒకాయన పిల్లలకు రోబోలు కావాలన్నాడు. ఇంకొకాయన దేశదేశాల విధానాలు ఏకరువు పెట్టాడు, ఆ దేశాలకు ఆయన పోయింది లేదు. అధికారిణి ఓపికగా రాసుకుంటోంది. ఆమె ముందు బల్ల మీద మూసేసే బళ్ల జాబితా. నూట ముప్పై పేర్లు.

వాహిద్ వంతు వచ్చింది. మైకు పట్టుకున్నాడు. కాగితం జేబులోనే ఉండిపోయింది.

“మేడం, సలహా కంటే ముందు ఒక తప్పు చెప్పల్ల. క్వారీ కాలనీ బడికి నేను నడవలేదు. కూర్చోని బటన్ నొక్కినా, నడిచినానని టిక్కు పెట్టినా. నిన్న ఒక ఆరేండ్ల పిల్లతో నడిచినా. గంటా పది నిమిషాలు పట్టింది. ఆ పిల్ల బడికి చేరి నిద్రపోయింది.”

ముందు వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. వాహిద్ ఆపలేదు.

“ఏ బడిని యాడ కలపల్లన్నా, ఆ బడిలో అందరికంటే చిన్నపిల్లను ఎంటబెట్టుకోని నడవల్ల. ఎవురు సంతకం పెడతారో వాళ్లే నడవల్ల. ఇదొక్కటే మేడం నా సలహా.”

అధికారిణి పెన్ను పక్కన పెట్టింది. గొంతు పెంచకుండానే అడిగింది.

“మీ కింద ఉన్న బళ్లలో ఎన్నింటికి ఇలా చేశారు?”

అక్కడ ఒక్కటే అని చెప్పి ఉంటే సరిపోయేది. వాహిద్ మైకును నోటికి దగ్గరగా పట్టుకున్నాడు.

“పద్నాలుగూ మేడం.”

ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. మైకు ఎవరికివ్వాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

వెనక వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీ జరిగింది. పాలయ్య లేచాడు. మైకు అడగలేదు.

“వేముల మేడం. పదకొండు బళ్లు. నేనూ నడవలేదు.”

అతని పక్కన ఒక ఆడమనిషి లేచింది. తొమ్మిది బళ్లంది. తర్వాత గండి వైపు నుంచి వచ్చిన కుర్రాయన. తర్వాత ఇద్దరు ఒకేసారి. కుర్చీలు ఒక్కటొక్కటే జరుగుతున్నాయి, లేచినవాళ్లు ఊరి పేరూ బళ్ల లెక్కా చెబుతున్నారు, చెప్పినవాళ్లు కూర్చోవడం లేదు. వాహిద్ వాళ్ల వైపు తిరిగాడు. ఉద్యోగం పోతుందని అన్నేళ్లుగా తనలాగే బిక్కుబిక్కుమంటూ బతికినవాళ్లు, అడగకుండానే నిలబడుతుంటే చూస్తూ ఉండిపోయాడు.

నలభై మంది దాకా లేచారు. అధికారిణి వాళ్లందరినీ చూసింది, ముందున్న జాబితాను చూసింది. సంతకం చోట పెన్సిలుతో పెట్టిన గుర్తు మీద వేలు ఉంచింది.

“ఇవాళ నేనూ కూర్చునే సంతకం పెట్టేదాన్ని,” అంది.

తర్వాత ఆ కాగితాలను బోర్లా తిప్పి పెట్టింది.

“రేపు పొద్దున క్వారీ కాలనీకి నేను వస్తాను. మిగతా బళ్లకు ఎవరు నడుస్తారు? వద్దనుకున్నవాళ్లు కూర్చోవచ్చు, నేనేమీ అనుకోను.”

ఎవరూ కూర్చోలేదు.