దిష్టి చదువు

బోర్డు సగం తుడిచేసరికి సత్యవ్వకు ఆయాసం వచ్చింది. డస్టరు బల్ల మీద పెట్టి, పిల్లలకు తెలియకుండా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. గుండె బాగా అలిసిపోయింది, మంచం దిగొద్దని జగిత్యాల డాక్టరు చెప్పే ఉన్నాడు. ఆమె వింటేగా! పాఠం ముగించి, సుద్దపొడి చేతులు కొంగుకు తుడుచుకుని, కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కింది. అన్నతో ఒక్క మాట మాట్లాడాలి. ఇక వాయిదా వేస్తే కుదరదు.

హైదరాబాదులో ఏళ్ల తరబడి చీకటి గదిలో కూర్చుని, ఒక్కొక్క వెలుగు కణాన్ని విడిగా పట్టిన మనిషి ఆమె. ఆ కణం చూడనంతసేపు ఒకలా ఉంటుంది, చూడబోతే ఇంకోలా మారిపోతుంది. ఈ దేశంలో ఆ ప్రయోగం మొదట చేసిన కొద్దిమందిలో సత్యవ్వ ఒకరు. రిటైరై బడి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న కోరుట్లలో ఇదెవరికి తెలుసు? పొట్టి మనిషి, వంగిన భుజాలు, మందపాటి అద్దాలు. చూసినవాళ్లు వట్టి బడి పంతులమ్మే అనుకుంటారు.

అన్న హన్మండ్లు మాత్రం తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. చూపు తగిలితే మారుతుందా, అయితే దిష్టే! సిరిసిల్లలో ఆమెకు సన్మానం చేసిన రోజు మైకు పట్టుకుని, "మా చెల్లె దిష్టి మీద పెద్ద చదువు చదివింది" అన్నాడు గర్వంగా. జనం గొల్లుమన్నారు. సత్యవ్వ లేచి, "మా అన్నకు తెల్వది, తప్పు చెప్పిండు" అనేసింది.

అంతే. ఆనాటి నుంచి తిన్నావా అని అడుగుతాడు, ఒంట్లో ఎలా ఉందంటాడు, చదువు సంగతి మాత్రం ఎత్తడు. ఆమె బస్సెక్కే ముందు ఉప్పుతో దిష్టి తీసేవాడు, అదీ మానేశాడు. ఆ మాట ఎందుకన్నానా అని సత్యవ్వ ఎన్నిసార్లు ఏడ్చిందో!

అన్న షెడ్డులో సాంచెలనే మరమగ్గాల చప్పుడు చెవులు దిమ్మెక్కిస్తోంది. నెత్తినిండా నూలు దుమ్ముతో హన్మండ్లు తెగిన పోగు ముడేస్తున్నాడు. చెల్లెల్ని చూసి సాంచె బందు పెట్టాడు.

"మొఖం గిట్ల పీక్కపోయిందేందే? తిన్నవా?"

"తిన్న. నా చదువు సంగతి ఒక్కసారి అడుగరాదే అన్నా."

హన్మండ్లు తల తిప్పుకున్నాడు. "నాకేం తెల్సని అడుగుత? నలుగుర్ల నీ ఇజ్జత్ తీసిన."

"నీ ఇజ్జత్ నేను తీసిన. నువ్వు చెప్పిందే నయం. దిష్టి చదువే నాది. ఇయ్యాల నాకు దిష్టి తియ్యి."

హన్మండ్లు కళ్లు తుడుచుకున్నాడు. "అగో, గిప్పుడా సోయొచ్చింది నీకు! కూసో, ఉప్పు తెస్త" అంటూ చిన్నపిల్లాడిలా వెనక ఇంట్లోకి ఉరికాడు.

సత్యవ్వ స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎన్నాళ్లకో మనసు తేలికైంది.

గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలతో వచ్చి, హన్మండ్లు ఆమె తల చుట్టూ చెయ్యి తిప్పసాగాడు.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి..."

చెయ్యి ఆగింది. "సత్తెవ్వా" అన్నాడు. ఆమె పలకలేదు. భుజం పట్టి కుదిపాడు. ఆయన కేకకు పక్క సాంచెలన్నీ ఒక్కొక్కటే బందయ్యాయి.

ఆమెను తీసుకుపోయాక కూడా ఆ ఉప్పు పొయ్యిలో వెయ్యడానికి హన్మండ్లుకు చేతులు రాలేదు. స్టూలు మీద ఆమె అద్దాల పక్కనే గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు అలాగే ఉన్నాయి.